నాగార్జునకొండకు లాంచీలో ఒక్కరోజు ప్రయాణం

మోటారు వాహనాలు లేని నాగార్జునకొండ ద్వీపాన్ని చూడదలచినవారు శుక్రవారం తప్ప మరే రోజునైనా ఎంచుకోవాలి, ఎందుకంటే ఆ రోజు మ్యూజియం మూసి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ వైపునుంచి వచ్చేవారు మాచర్ల మీదుగా విజయపురి సౌత్ చేరుకుని, అక్కడి రేవులో టిక్కెట్టు తీసుకోవాలి. చాలినంతమంది ప్రయాణికులు చేరేవరకు లాంచీ కదలకపోవచ్చు కనుక ఉదయాన్నే చేరుకోవడం మేలు. టిక్కెట్టు కొనేటప్పుడే తిరుగు లాంచీ వేళ అడిగి రాసిపెట్టుకోండి.

లాంచీ నాగార్జునసాగర్ జలాశయంపై ముక్కాలు గంట నుంచి గంటసేపు సాగుతుంది. ఆ నీటి అడుగున ఉన్నది క్రీ.శ. మూడవ, నాలుగవ శతాబ్దాలలో పాలించిన ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి. 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి, ముంపునకు ముందే ముఖ్యమైన కట్టడాలను కొండపైన, జలాశయం ఒడ్డున ఉన్న అనుపు వద్ద తిరిగి నిలిపారు. ఈ సంగతి తెలుసుకుని వెళితే రాళ్లు మాట్లాడతాయి.

దిగగానే ముందుగా మ్యూజియం చూడండి. పలనాటి సున్నపురాయిపై చెక్కిన శిల్పాల ముందు తొందరపడవద్దు. ఒక్కొక్క ఫలకానికి దగ్గరగా నిలబడితే స్త్రీల చేతి గాజుల వరుసలు కూడా లెక్కపెట్టవచ్చు. తరువాత మహాచైత్యం అనే బౌద్ధ స్తూపం వద్ద ఇటుకలతో బండిచక్రం ఆకులవలె పేర్చిన పునాదిని చూడండి. ఇక్ష్వాకు రాజు మొదటి శాంతమూలుని సోదరి శాంతిశ్రీ దానం, స్తూపానికి నాలుగు దిక్కులా నిలిపిన ఆయక స్తంభాల శాసనాలలో నిలిచి ఉంది.

అన్నీ నడిచే చూడాలి కాబట్టి టోపీ, తాగునీరు, పులిహోర వంటి తినుబండారం వెంట ఉంచుకోండి.