వాట్సాప్‌లో వచ్చిన వరద వీడియోను ఇలా తేల్చుకోండి
మూసీ ఇప్పుడే పొంగిందంటూ 2020 అక్టోబరు వరద దృశ్యాలు పంపడం ఎవరికైనా తేలికే. వీడియో ఆపి, దుకాణం బోర్డో బస్సు నంబరో స్పష్టంగా కనిపించే చోట మూడు నాలుగు స్క్రీన్‌షాట్లు తీయండి. ఒక్కటే తీస్తే, అది మసకగా ఉంటే ఏమీ దొరకదు. వాటిని ఫొటోతో వెతికే గూగుల్ లెన్స్‌లో వేసి, ఫలితాల్లో అన్నిటికన్నా పాత తేదీ చూడండి. ఏమీ దొరకలేదంటే వీడియో నిజమని కాదు, ఇంకా తేలలేదనే.

ఛానెల్ లోగోను నమ్మొద్దు, అతికించడం నిమిషాల పని. ఆ ఛానెల్ సొంత యూట్యూబ్‌లో వెతకండి. హిమాయత్‌సాగర్ గేట్లెత్తారంటే, ఆ జలాశయాన్ని చూసే హైదరాబాద్ జలమండలి ప్రకటన చూడాలి. పది సైట్లలో అక్షరం పొల్లుపోకుండా ఒకే వాక్యముంటే, అది పది ఆధారాలు కాదు, ఒక్కటే.