అవిసెలు మింగితే లాభం లేదు, పొడి కొట్టుకోవాల్సిందే

దేవరకొండ డిపోలో ముప్పై ఏళ్లు కండక్టర్‌గా చేసి రిటైరై, ఇప్పుడు నల్లగొండలో ఉంటున్నాను. మూడేళ్ల కింద బీపీ, కొలెస్ట్రాల్ రెండూ ఒకేసారి బయటపడ్డాయి. ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున నాతో నడిచే ఒకాయన, "అన్నా, అవిసె గింజలు మింగు, నరాలు క్లీన్ అయితయి" అన్నాడు. నాలుగు నెలలు రోజూ చెంచాడు గింజలు నోట్లో పోసుకుని నీళ్లు తాగాను. డాక్టర్‌కు గొప్పగా చెబితే, "నమిలారా, మింగారా?" అని ఒకటే మాట అడిగాడు. గింజ మీద పొట్టు గట్టిది. నలగకపోతే లోపలి సరుకు ఒంటికి చాలావరకు పట్టదు, గింజ గింజలాగే బయటికి పోతుంది. టికెట్ కొన్నాను కానీ బస్సెక్కలేదన్నమాట.

అందుకే పొడి. అవిసెలు పావుకిలో మించి కొనకండి. రాళ్లు, పుల్లలు ఏరి, మందపాటి మూకుడులో సన్న సెగ మీద కలుపుతూ వేయించాలి. నాలుగైదు గింజలు చిటపటమని ఎగరగానే దింపేయండి. మా ఇంటావిడ మొదటిసారి నువ్వుల్లాగా కమ్మటి వాసన వస్తుందేమోనని చూస్తూ కూర్చుంది, పొడంతా చేదెక్కింది. పూర్తిగా చల్లారాక మిక్సీలో ఆపి ఆపి తిప్పాలి. ఒకే ఊపున తిప్పితే వేడికి నూనె వదిలి అంచులకు ముద్దలా అంటుకుంటుంది. వారానికి సరిపడా మాత్రమే కొట్టుకుని, గట్టి మూత సీసాలో ఫ్రిజ్‌లో పెట్టండి. ఇందులోని ఒమేగా-3 కొవ్వు గాలి, వెలుతురు తగిలితే పాడవుతుంది. పెయింట్ వాసన వస్తే మొహమాటం లేకుండా పారేయండి. రంగుల్లో కలిపే లిన్‌సీడ్ ఆయిల్ ఈ గింజల నూనే మరి.

మొదటి వారం అర చెంచాతో మొదలుపెట్టండి, లేకపోతే కడుపుబ్బరం. తర్వాత రోజుకు ఒక పెద్ద చెంచా, అంటే సుమారు 7 గ్రాములు. నేను జొన్నరొట్టె పిండిలో కలిపిస్తాను, ఒక్కోసారి మజ్జిగలో. పీచు ఎక్కువ కాబట్టి నీళ్లు బాగా తాగాలి. కొందరు ఎండుమిర్చి, ఎల్లిగడ్డ, గుప్పెడు ఉప్పు వేసి కారప్పొడి చేస్తారు. రుచి బాగానే ఉంటుంది కానీ, ఆ ఉప్పుతో బీపీ మళ్లీ మొదటికొస్తుంది.

బీపీ ఎంత తగ్గుతుందంటారా? కెనడాలో 2013లో వెలువడిన ఒక పరిశోధనలో, కాళ్ల రక్తనాళాలు పూడుకుపోయిన 110 మందిని తీసుకుని, కొందరికి రోజూ 30 గ్రాముల అవిసె పొడి ఆరు నెలలు పెట్టారు. తినని వాళ్లకంటే వాళ్ల పై బీపీ సుమారు 10 పాయింట్లు తక్కువగా ఉంది. తర్వాత చాలా పరిశోధనలు కలిపి చూస్తే తగ్గుదల రెండు మూడు పాయింట్లకు మించలేదు. అందుకే నేను బీపీ గోలీ మానలేదు, మీరూ మానకండి.

అవిసెలతో పాటు నేను ఇసబ్గోల్ కూడా వాడతాను, అది చెడ్డ కొలెస్ట్రాల్‌ను కొంత తగ్గిస్తుంది. దాన్ని గోలీలతో కలిపి వేసుకోవద్దు, మందును ఒంటికి పట్టనీయదు. రెండు గంటల ఎడం ఉండాలి. నేను రాత్రి భోజనానికి ముందు గోలీ, పడుకునే ముందు గ్లాసుడు నీళ్లలో ఇసబ్గోల్.

బజార్లో సీసాల్లో వచ్చే క్యాప్సూళ్లతో జాగ్రత్త. ఎర్ర ఈస్ట్ బియ్యం క్యాప్సూల్‌లో ఉండే మోనకోలిన్-కె అంటే లోవాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మందే. స్టాటిన్ గోలీ వేసుకుంటూ దాన్నీ మింగితే రెండు డోసులు మింగినట్టు. ఎల్లిగడ్డ క్యాప్సూళ్లు రక్తాన్ని పలచన చేస్తాయి. ఆస్పిరిన్, వార్ఫరిన్ కూడా అదే పని చేసే మందులు, అవి వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వీటిని ముట్టుకోవద్దు. మొన్న పన్ను పీకించుకోవడానికి వెళ్తూ నా గోలీల చీటీతో పాటు ఇసబ్గోల్ డబ్బా, అవిసె పొడి సీసా కూడా సంచిలో వేసుకెళ్లాను. పళ్ల డాక్టర్ పొడి సీసా మూత తీసి వాసన చూసి, ఎలా కొట్టారో రాసిమ్మంది.