షాపు ప్రైస్ మ్యాచ్, కార్డు ప్రైస్ ప్రొటెక్షన్: రెండూ కలిపి వాడుకోవడం ఎలా?

అమెరికాలో కొన్న వస్తువు ధర తర్వాత తగ్గితే తేడా రాబట్టుకోవడానికి రెండు దారులున్నాయి: షాపు (తక్కువ ధర చూపిస్తే అదే ధరకు ఇవ్వడం, అంటే ప్రైస్ మ్యాచ్), క్రెడిట్ కార్డు (తేడాను కార్డు వాళ్లు తిరిగివ్వడం, అంటే ప్రైస్ ప్రొటెక్షన్). ముందు షాపు, ఆ తర్వాతే కార్డు. దీన్ని తలకిందులు చేసి డబ్బు పోగొట్టుకునేవాళ్లను చూసి చూసి విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

మొదట మీ కార్డుకు ప్రైస్ ప్రొటెక్షన్ ఉందో లేదో గైడ్ టు బెనిఫిట్స్‌లో (కార్డు ప్రయోజనాలు, షరతులు రాసిన పత్రంలో) చూడండి. పాత వ్యాసాలు నమ్మొద్దు. ఛేజ్ బ్యాంకు 2018లో, సిటీ బ్యాంకు 2019 సెప్టెంబరులో దీన్ని ఆపేశాయి. ఇప్పుడు ఎక్కువగా కొన్ని మాస్టర్‌కార్డులకే మిగిలింది. గడువు ఎన్ని రోజులు, ఒక్కో వస్తువుకు గరిష్ఠంగా ఎంత ఇస్తారు, ఏడాదికి గరిష్ఠంగా ఎంత? ఈ మూడూ రాసి పెట్టుకోండి.

తర్వాత షాపు. బెస్ట్ బై రిటర్న్ గడువులోపు ధర సరిచేస్తుంది, మామూలుగా అది 15 రోజులు. టార్గెట్ 2025 జులై నుంచి అమెజాన్, వాల్‌మార్ట్ ధరలకు మ్యాచ్ చేయడం మానేసింది. కాస్ట్‌కో ఇతర షాపుల ధరలను అసలు పట్టించుకోదు, తన ధర తగ్గితే మాత్రం 30 రోజుల్లోపు తేడా ఇస్తుంది. కానీ కాస్ట్‌కో గోడౌన్ షాపుల్లో క్రెడిట్ కార్డంటే వీసా ఒక్కటే, కాబట్టి మీ మాస్టర్‌కార్డు జేబులోనే ఉంటుంది.

కౌంటర్ దగ్గర మనిషితోనే మాట్లాడి మ్యాచ్ చేయించుకోండి. చాట్‌లో అడిగితే టైమ్ వేస్ట్. బిల్లు మొత్తం ప్రైస్ ప్రొటెక్షన్ ఉన్న ఆ ఒక్క కార్డుతోనే కట్టండి, గిఫ్ట్ కార్డు కలపొద్దు.

"షాపులో ఎందుకు అడగడం, తేడా అంతా కార్డు దగ్గరే తీసుకుందాం" అనే తెలివైనవాళ్లుంటారు. షాపు ధర తగ్గిస్తే దాని మీద సేల్స్ ట్యాక్సూ తగ్గుతుంది. కార్డు వాళ్లు ట్యాక్స్ లెక్కలోకి తీసుకోరు. పైగా కార్డుకు పరిమితి ఉంది, దాన్ని ఊరికే ఖర్చు చేసుకోవడం ఎందుకు?

ఇప్పుడు కార్డును ఎంత అడగాలో చూద్దాం. 500 డాలర్ల వస్తువును షాపు 450కి ఇచ్చింది, 40 రోజులకు ఇంకోచోట 400 కనబడింది అనుకోండి. షాపు గడువు దాటింది, కార్డు గడువు ఇంకా ఉంటే కార్డును అడగొచ్చు. అడగాల్సింది 50 మాత్రమే. షాపు ముందే తగ్గించిన 50ని మళ్లీ కలిపి అడిగితే అది మోసం కిందికే వస్తుంది.

అసలు చిక్కు రుజువు. తక్కువ ధర కనబడిన నిమిషంలోనే పేజీని పీడీఎఫ్‌గా దాచండి. రేపు చూద్దామంటే రేపు ఆ ధర ఉండదు. పేజీలో తేదీ, వెబ్ చిరునామా, అమ్మేవాడి పేరు, పూర్తి మోడల్ నంబరు, స్టాకు ఉందన్న మాట, ఇవన్నీ కనబడాలి. నా మొదటి క్లెయిమ్ తేదీ లేని స్క్రీన్‌షాట్ వల్ల పోయింది. రెండోది మోడల్ నంబరు చివర ఒక్క అక్షరం తేడా వల్ల. వస్తువు అదే, రంగు కూడా అదే అని ఎంత మొత్తుకున్నా కార్డు వాళ్లు వినలేదు.

వేలం సైట్లు, క్లియరెన్స్ (మిగిలిన సరుకు వదిలించుకునే అమ్మకం), రీఫర్బిష్డ్ (బాగుచేసి మళ్లీ అమ్మే వస్తువు) ధరలు పనికిరావు. అమెజాన్ పేజీ అయితే అమ్మేది అమెజానా, వేరే అమ్మకందారా చూడండి. బెస్ట్ బై కూడా వేరే అమ్మకందారు ధరకు మ్యాచ్ చేయదు.

మ్యాచ్ అయిన ధర కనబడే బిల్లు, కార్డు స్టేట్‌మెంట్, పీడీఎఫ్ జతచేసి క్లెయిమ్ పెట్టండి. ఇంకేదైనా కాగితం అడిగితే గడువులోపే పంపండి.