హెచ్ఐవీతో జీవిస్తున్నవారు ఒంటి బలం పెంచుకోవడం ఎలా: కుర్చీతో మొదలయ్యే 12 వారాలు

హెచ్ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్లిన ప్రతిసారీ బరువు చూస్తారు, మందులు ఎన్ని మిగిలాయో లెక్కపెడతారు, రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్ పరీక్షకు వేళకు రక్తం తీసుకుంటారు. మెట్లెక్కితే కాళ్లు పీకుతున్నాయా, నీళ్ల బిందె ఎత్తగలుగుతున్నారా, సాయంత్రానికి ఇంటిపని చేసే ఓపిక మిగులుతోందా అన్న విషయాలు అడగడానికి అంత రద్దీలో తీరిక దొరకదు. కనుక ఆ లెక్క మనమే పెట్టుకోవాలి. 2004 ఏప్రిల్ 1న మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులివ్వడం మొదలుపెట్టిన నాటికి ప్రాణం నిలబడితే చాలన్నట్టు ఉండేది. ఇప్పుడు టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిపిన మాత్రను రోజుకొకటి చొప్పున క్రమం తప్పకుండా వేసుకుంటే చాలామందిలో వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గిపోతోంది. ముందున్న ఆ ఏళ్లన్నీ నడవగలిగే, బరువెత్తగలిగే ఒంటితో గడవాలన్న కోరికతోనే ఇది రాస్తున్నాను.

వైరస్ అదుపులో ఉన్నా ఒంట్లో సన్నని వాపు లాంటి స్థితి కొంత మిగిలే ఉంటుంది. గుండెజబ్బు ముప్పు ఇతరులతో పోలిస్తే దాదాపు రెట్టింపు ఉండటానికి అది ఒక కారణం. టెనోఫోవిర్ వల్ల ఎముకల సాంద్రత కొంత తగ్గవచ్చు, డోలుటెగ్రావిర్ మొదలుపెట్టాక కొందరు బరువు పెరుగుతారు, పాతరోజుల్లో స్టావుడిన్ వాడినవారికి పాదాల్లో తిమ్మిర్లు నేటికీ ఉండిపోయాయి. వీటిలో చాలావాటికి వ్యాయామం మేలు చేస్తుంది. వ్యాయామం చేస్తే ఉన్న శక్తి ఖర్చైపోయి సీడీ4 (రోగాలతో పోరాడే కణాల సంఖ్య) పడిపోతుందన్న భయం మాత్రం నిరాధారం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన శారీరక శ్రమ మార్గదర్శకాలు హెచ్ఐవీతో జీవిస్తున్నవారి గురించి ప్రత్యేకంగా చెప్పాయి: శ్రమ వల్ల దేహదారుఢ్యం పెరుగుతుంది, ఆందోళన, దిగులు తగ్గుతాయి, సీడీ4కు గానీ వైరల్ లోడ్‌కు గానీ చెరుపు జరగదు.

మొదలుపెట్టే ముందు డాక్టరును ఒకసారి కలవండి. మందులు కొత్తగా మొదలుపెట్టి ఇంకా నీరసంగా ఉన్నవారు, జ్వరం ఉన్నవారు, టీబీ మందుల తొలి వారాల్లో ఉన్నవారు కోలుకునేదాకా ఇంట్లో మెల్లగా అటూ ఇటూ నడిస్తే చాలు. జిడోవుడిన్ వాడేవారికి రక్తం తగ్గే అవకాశం ఉంది కనుక హిమోగ్లోబిన్ చూపించుకోవాలి. గజ్జల్లో నొప్పి పుట్టి, నడకలో కుంటు వస్తుంటే దానిని కండరాల నొప్పిగా కొట్టిపారేయకండి. తుంటి ఎముకకు రక్తప్రసరణ తగ్గి ఎముక దెబ్బతినడం హెచ్ఐవీ ఉన్నవారిలో ఎక్కువగా కనిపిస్తుంది. అది తేలేవరకు బరువులు ఎత్తకూడదు.

ఇప్పుడు ఒక కుర్చీ తీసుకోండి. చేతులు లేని గట్టి కుర్చీ కావాలి. ప్లాస్టిక్ కుర్చీ అయితే వెనక్కి జారకుండా గోడకు ఆనించండి. పాదాలు నేలకు పూర్తిగా తాకేలా కూర్చుని, రెండు చేతులు గుండెల మీద అడ్డంగా పెట్టుకోండి. ఎవరినైనా ఫోన్‌లో 30 సెకన్లు చూడమని చెప్పి, పూర్తిగా లేచి నిలబడటం, మళ్లీ కూర్చోవడం చేస్తూ ఎన్నిసార్లు లేవగలిగారో లెక్కపెట్టండి. నాకు తెలిసిన ఒక అక్క మొదటిరోజు ఆరుసార్లు లేచింది. ఏడోసారి లేవబోతుండగా ఆమెకు తెలియకుండానే అరచెయ్యి మోకాలి మీదికి జారి అక్కడ ఊతం వెతుక్కుంది. కాళ్లలో బలం ఎంత తగ్గిందో ఆమెకు ఏ పరీక్ష కాగితం చెప్పలేదు, ఆ చెయ్యి చెప్పింది. ఆ అంకెను తేదీతో సహా ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాం. మీరూ రాసుకోండి. దాని కింద ఆరు విషయాలు ఒక్కో వాక్యంలో రాయండి: ఒంటి నొప్పులు, నిస్సత్తువ ఒకటి; మనసు రెండోది; సొంతపనులు తామే చేసుకోగలగడం మూడోది; మనుషులతో సంబంధాలు నాలుగోది; ఇల్లు, డబ్బు, వైద్యం ఐదోది; నమ్మకాలు, బతుకుకున్న అర్థం ఆరోది. హెచ్ఐవీ ఉన్నవారి జీవన నాణ్యతను కొలిచేందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ప్రశ్నావళి కూడా ఈ ఆరు రంగాల చుట్టూనే తిరుగుతుంది.

లక్ష్యం వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, దానితోపాటు కండరాలకు పనిచెప్పే రోజులు రెండు. మొదటివారమే అక్కడికి చేరాలని లేదు. పది నిమిషాల నడకతో మొదలుపెట్టి, వారానికి ఐదు రోజులు నడుస్తూ, ప్రతి వారం రెండు మూడు నిమిషాలు కలుపుకుంటూ పోతే తొమ్మిది, పది వారాలకు రోజుకు అరగంట అవుతుంది. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడబోతే మాత్రం ఊపిరి చాలకూడదు. వేగం సరిగ్గా ఉందనడానికి అదే గుర్తు. మన ఎండలకు వేసవిలో పొద్దున్నే ఏడులోపు గానీ, పొద్దుగూకాక గానీ నడవడం మంచిది. పాదాల్లో తిమ్మిర్లున్నవారు చెప్పులతో కాక మెత్తని బూట్లతో నడవాలి, ఇంటికొచ్చాక అరికాళ్లలో పొక్కులు, గాయాలు ఉన్నాయేమో చూసుకోవాలి.

నడకతోనే సరిపెట్టుకునేవారు చాలామంది. నా అనుభవంలో ఎక్కువ మార్పు తెచ్చేది కండరాల పని, అందరూ వదిలేసేదీ అదే. దీనికి జిమ్ అక్కర్లేదు. వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం ఒకరోజు విరామంతో, నాలుగు పనులు చేయండి. ముందు కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. తర్వాత గోడకు దండీలు: గోడకు చెయ్యి చాపినంత దూరంలో నిలబడి, అరచేతులు ఆనించి, మోచేతులు మడుస్తూ ఛాతీని గోడ దగ్గరికి తెచ్చి వెనక్కి నెట్టుకోవాలి. మూడోది, గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేవడం. నాలుగోది, నీళ్లు నింపిన లీటరు సీసాలను, అంటే చేతికొక కిలో బరువును, నడుము దగ్గరనుంచి భుజాల దాకా ఎత్తి దించడం. ఒక్కోటి 8 నుంచి 10 సార్లు, మొదట ఒక విడత, మూడోవారం నుంచి రెండు విడతలు. చివరి రెండుసార్లు కష్టమనిపించాలి. అనిపించకపోతే పని తేలికైపోయిందని అర్థం. అప్పుడు కుర్చీ తీసేసి బస్కీలకు, గోడ వదిలి మంచం పట్టెకు, లీటరు సీసా నుంచి రెండు లీటర్ల సీసాకు మారండి. ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు.

ఇప్పటికే పొలంలోనో, కట్టుబడి పనిలోనో రోజంతా కష్టపడేవారికి నడక వేరే అక్కర్లేదు. వారికి కావలసింది చాలినంత తిండి, నిద్ర, నడుము కాచుకుంటూ బరువెత్తే పద్ధతి.

కండ పెరగాలంటే మాంసకృత్తులు అందాలి. పూటపూటా పప్పో, గుడ్డో, పెరుగో, ఉడికించిన శనగలో, గుప్పెడు వేరుశనగపప్పో పళ్లెంలో ఉండేట్టు చూసుకోండి. పప్పు పలచని చారుగా కాక చిక్కగా ఉండాలి. కిడ్నీ సమస్య ఉందని డాక్టరు చెప్పినవారు మాత్రం ఎంత తినాలో ఆయన్నే అడగాలి. డోలుటెగ్రావిర్ మాత్రతో ఒక జాగ్రత్త ఉంది. కాల్షియం, ఐరన్ మాత్రలు దాని పనిని తగ్గిస్తాయి. భోజనంతో అయితే రెండూ కలిపి వేసుకోవచ్చు. ఖాళీ కడుపున అయితే డోలుటెగ్రావిర్‌ను వాటికి 2 గంటల ముందు గానీ, 6 గంటల తర్వాత గానీ వేసుకోవాలి. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ మందులకు భోజనంతో ఉన్నా సరే ఇదే ఎడం పాటించాలి. జిమ్‌లో అమ్మే పొడుల్లో కూడా ఈ ఖనిజాలు ఉండవచ్చు కనుక డబ్బాను కేంద్రంలో చూపించాకే వాడండి. కండలు పెంచే ఇంజెక్షన్ల జోలికి అసలు పోవద్దు. రిటోనావిర్ ఉన్న మందులు వాడేవారు మోకాలి నొప్పికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకునే ముందు ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి. రెండూ కలిస్తే స్టెరాయిడ్ ఒంట్లో ప్రమాదకరంగా పేరుకుంటుంది.

జిమ్‌కు వెళ్లాలనుకునేవారు తమ స్థితిని ఎవరికీ చెప్పనవసరం లేదు. చెమట వల్ల, ఒకరు పట్టుకున్న డంబెల్ మరొకరు పట్టుకోవడం వల్ల హెచ్ఐవీ సోకదు. 2018 సెప్టెంబర్ 10న అమల్లోకి వచ్చిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ఇలాంటి చోట్ల వివక్షను నిషేధించింది. ఇబ్బంది ఎదురైతే 1097కు ఉచితంగా ఫోన్ చేసి సలహా అడగవచ్చు.

ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, గుండె దడ వస్తే వెంటనే ఆపి వైద్యుడి దగ్గరికి వెళ్లండి. దగ్గు, జ్వరం, రాత్రి చెమటలు, కారణం లేకుండా బరువు తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా టీబీ పరీక్ష చేయించుకోండి. దగ్గు రెండు వారాలు నిండేదాకా ఆగాల్సిన పని లేదు. జ్వరం వచ్చి వారం పోతే, తిరిగి మొదలుపెట్టేటప్పుడు ఆపినచోట కాక, అందులో సగంతో మొదలుపెట్టండి.

12వ వారం చివర అదే కుర్చీలో, అదే వేళకు, మళ్లీ 30 సెకన్లు లెక్కపెట్టండి. మొదటిరోజు రాసిన ఆరు వాక్యాలను చూడకుండా కొత్తగా రాసి, తర్వాత పక్కపక్కన పెట్టి చదవండి. ఆ అక్క ఆరు నుంచి పదకొండుకు వచ్చింది. సొంతపనుల వరుసలో "బియ్యం బస్తా పక్కకు జరిపాను, ఎవరినీ పిలవలేదు" అని రాసుకుంది. అంకె కదలకపోతే తిండి చాలిందా, నిద్ర పట్టిందా, రక్తం తక్కువగా ఉందా అన్నది కేంద్రంలో అడగాలి. అందుకే మందులకు వెళ్లే రోజు ఆ నోటుపుస్తకాన్ని కూడా సంచిలో పెట్టుకుని వెళ్లండి.