సిమ్స్ 4లో మూడు తరాలు, ఐదు ఇళ్లు: ఎక్కడ లెక్క తప్పుతుంది?

మా పాలమూరు పిల్లలమర్రి దగ్గరికి వెళ్లినవాళ్లకు తెలుసు, అసలు మాను ఏదో పోల్చుకోలేం. దిగిన ఊడలన్నీ మానులైపోయాయి. సిమ్స్ 4 అంటే సిమ్స్ అనే బొమ్మ మనుషుల కుటుంబాల్ని మనమే నడిపే కంప్యూటర్ ఆట. అందులో నా సేవ్‌కి, అంటే దాచుకున్న ఆటకి, ఆ చెట్టు పేరే పెట్టాను. తాత ఒక్కడితో మొదలైన ఆట మూడో తరానికి ఐదు ఇళ్లయింది. 2022 అక్టోబరులో బేస్ గేమ్ (అదనపు ప్యాక్‌లు లేని అసలు ఆట) ఉచితమయ్యాక మా చుట్టాల పిల్లలూ ఆడటం మొదలుపెట్టారు. వాళ్లు ఫోన్ చేసి అడిగేవి, నేను దెబ్బతిని నేర్చుకున్నవి దాదాపు ఒకటే.

సమస్య: చిన్నకొడుకు ఇల్లు ఆడుతుంటే, పెద్దింట్లో తాత పోయాడు

పక్కన కూర్చున్న మా చెల్లె ముందు చూసింది. "అన్నా, తాత పోయిండంట, చూస్కో" అంది. నేనేమో చిన్నకొడుకు వంటింట్లో అల్మారాలు సర్దుతున్నా.

కారణం: సేవ్ మొత్తానికి గడియారం ఒక్కటే. ఈ ఇంట్లో మంగళవారం రాత్రి ఎనిమిదైతే ఆ ఇంట్లోనూ అంతే. గేమ్ ఆప్షన్స్‌లో, గేమ్‌ప్లే కింద "ఆటో ఏజ్ (ప్లేడ్ సిమ్స్)" అని ఉంటుంది. అది "ఎస్" మీద ఉంటే, మీరు ఏ ఇంట్లో ఉన్నా మీ ఇళ్లన్నింటిలో వయసు పెరుగుతూనే ఉంటుంది.

పరిష్కారం: దాన్ని "నా యాక్టివ్ కుటుంబానికి మాత్రమే" అనే ఎంపికకు మార్చండి. ఊళ్లోని మిగతావాళ్ల వయసుకు కిందనే వేరే గడి ఉంటుంది, అది మీ ఇష్టం.

సమస్య: మేనమామ బడికి పోతున్నాడు, మేనల్లుడు కాలేజీ వయసుకొచ్చాడు

పై మందు వాడినవాళ్లకే ఈ జబ్బు వస్తుంది. ఇష్టమైన ఇంట్లో నాలుగు వారాలు ఆడి, మిగతావాటి మొహం చూడకపోతే ఇదే గతి. ఆడిన ఇంట్లోవాళ్లే పెద్దవాళ్లవుతారు.

దీనికి సెట్టింగ్ లేదు, వంతు ఒక్కటే దారి. ఒక్కో ఇంటికి ఆటలో సరిగ్గా ఒక వారం: సోమవారం పొద్దున మొదలు, ఆదివారం రాత్రి సేవ్, తర్వాతి ఇల్లు. నేను పాత లెక్కల నోట్‌బుక్ ఒకటి పెట్టుకున్నాను. ఇంటి పేరు, పిల్లల వయసులు, వచ్చేసారి చేయాల్సిన పని, మూడు గళ్లు చాలు. నవ్వుకోండి, కానీ అది మొదలుపెట్టాక నా టెన్షన్ సగం తగ్గింది. ఇప్పటికే తేడా వచ్చి ఉంటే, వెనకబడ్డవాడికి పుట్టినరోజు కేక్ పెట్టి కొవ్వొత్తులు ఊదించండి, తర్వాతి వయసుకు వస్తాడు.

సమస్య: వేరుపడ్డ కొడుకు అడగకుండానే ఇల్లు మారాడు, ఉద్యోగం మారాడు, బిడ్డను దత్తత తెచ్చుకున్నాడు

ఇది దయ్యం పని కాదు, నైబర్‌హుడ్ స్టోరీస్ పని. 2021 చివర్లో వచ్చింది. మీరు ఆడని కుటుంబాల బతుకుల్ని ఆటే నడుపుతుంది. వేరుపడ్డ కొడుకు కుటుంబం "నా కుటుంబాలు" జాబితాలో కాకుండా రెండో జాబితాలో పడి ఉంటే, ఆట వాణ్ణి పరాయివాడి కిందే లెక్కగడుతుంది.

మేనేజ్ హౌస్‌హోల్డ్స్ (కుటుంబాలన్నీ కనిపించే తెర) తెరిచి ఎవరు ఏ జాబితాలో ఉన్నారో చూడండి, మనవాళ్లయితే మన జాబితాలోకి తెచ్చుకోండి. ఒక్కో కుటుంబానికి స్టోరీస్ విడివిడిగా ఆపొచ్చు. నేను ఉద్యోగాలు మాత్రం వదిలేశాను, పిల్లలు, ఇల్లు మారడం ఆపేశాను. మన ఊళ్లల్లోనూ బతుకుదెరువుకు ఎటు పోయినా ఒప్పుకుంటారు గానీ, చెప్పకుండా ఇల్లమ్మితే ఊరుకుంటారా?

సమస్య: కోడలు బిడ్డ కోసం ప్రయత్నిద్దామంటే ఆ ఎంపిక నొక్కనివ్వడం లేదు

ఇంట్లో మనుషులను లెక్కపెట్టండి. ఎనిమిది దాటదు, పెంచుకున్న కుక్కా పిల్లీ కూడా అందులోకే వస్తాయి. ఎవరినో ఒకరిని వేరుపెట్టాల్సిందే. మేనేజ్ హౌస్‌హోల్డ్స్‌లో ఆ కుటుంబాన్ని ఎంచుకొని, మనుషుల్ని కొత్త కుటుంబంలోకి మార్చండి.

ఆస్తి వాటాలు పంచడం దగ్గర మాత్రం ఆటను నమ్మను, పెద్దమనిషిని నేనే. ఉన్న సొమ్మును కాగితం మీద పంచి, కంప్యూటర్‌లో కంట్రోల్, షిఫ్ట్, సి కలిపి నొక్కి, "మనీ" అని ఇంగ్లిషులో కొట్టి, ఖాళీ వదిలి వాటా అంకె వేస్తాను. ఆ ఇంటి సొమ్ము సరిగ్గా అంతే అవుతుంది. పెద్దింటికి వెళ్లి అక్కడా అలాగే తగ్గించాలి, లేకపోతే ఆస్తి రెండింతలైనట్టే. తాత అస్థికల కలశం ఎవరి దగ్గరుండాలో కూడా అప్పుడే తేల్చుకొని, వాళ్ల సొంత సామాను సంచిలో వేయండి.

సమస్య: సేవ్ తెరుచుకోవడం లేదు, లేదా తప్పు చేసి సేవ్ కొట్టేశాను

సేవ్ అవుతుండగా కరెంటు పోతే ఇలా కావచ్చు. లోడ్ గేమ్ తెరలో సేవ్‌ను ఎంచుకుంటే "రికవర్ సేవ్" ఉంటుంది, వెనకటి కాపీలు అక్కడ దొరుకుతాయి. అవీ పోయే రోజొకటి ఉంటుంది కాబట్టి డాక్యుమెంట్స్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, ద సిమ్స్ 4 లోపలి "సేవ్స్" ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. పిల్లలమర్రికే 2018లో చెదలు పడితే సెలైన్ సీసాలు కట్టి మందెక్కించాల్సి వచ్చింది. నేను ఎవరినైనా వేరుపెట్టే ముందు "సేవ్ యాజ్" కొట్టి కొత్త పేరు ఇస్తాను. ప్రస్తుతం నడుస్తున్నది "పిల్లలమర్రి 3, చిన్నోడి పెండ్లికి ముందు".