పాత ఎంపీఎఫ్‌ఐ కారుకి ఇంజిన్ మార్చారా? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

మారుతీ 800 ఎంపీఎఫ్‌ఐ (కార్బురేటర్ బదులు కంప్యూటర్ అదుపులో ఇంజెక్టర్లు పెట్రోల్ చిమ్మేది), ఆల్టో, జెన్, వ్యాగన్‌ఆర్, శాంత్రో వంటి బళ్లకి ఇప్పుడు ఇంజిన్ పోతే చాలామంది చేసేది ఒకటే. విజయవాడ ఆటోనగర్‌లోనో చెన్నై పుదుప్పేటలోనో సెకండ్ హ్యాండ్ ఇంజిన్ చూసి తెచ్చి ఎక్కిస్తారు. సరైనది దొరికితే అది మంచి నిర్ణయమే. సరైనదో కాదో ఎలా తేల్చుకోవాలి, ఎక్కించాక మొరాయిస్తే ఎక్కడ వెతకాలి అన్నదే ఇక్కడ చెబుతున్నాను. దించడం, ఎక్కించడం మీకు తెలుసనే అనుకుంటున్నాను.

బండి లాగట్లేదు, "ఇంజిన్ పోయింది" అన్నారు

సిలిండర్‌లో ఎంత ఒత్తిడి పుడుతోందో కొలిచే కంప్రెషన్ గేజ్ పెట్టకుండా ఆ మాట ఎవరన్నా నమ్మకండి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, సెల్ఫ్ కొట్టి చూడండి. ఎంత వచ్చిందన్నది ఎంత ముఖ్యమో, సిలిండర్ల మధ్య తేడా అంతకంటే ముఖ్యం. తగ్గిన సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులు, బోరు అరిగాయి. పెరగకపోతే వాల్వులో, హెడ్ గ్యాస్కెట్టో అయి ఉండాలి. అది హెడ్ దించి చేసుకునే పని, దానికి ఇంజిన్ మార్చనక్కర్లేదు.

కంప్రెషన్ బాగానే ఉండి లాగకపోతే సైలెన్సర్ లైన్లో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయిందేమో చూడండి. దానికి ముందున్న ఆక్సిజన్ సెన్సర్ విప్పి, ఆ రంధ్రం తెరిచి ఉంచి కొద్దిదూరం నడపండి. పికప్ తిరిగి వచ్చిందంటే ఇంజిన్‌లో దోషం లేనట్టే.

సెల్ఫ్ బరువుగా తిరుగుతోంది

ఎర్త్ వైరు. ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఆ వైరుని బిగించడం మర్చిపోవడం, లేదా పెయింటు మీదే బిగించేయడం ఇంకా ఎంతమంది చేస్తారో! సెల్ఫ్ కొడుతున్నప్పుడు మీటర్ ఒక కొనని బ్యాటరీ మైనస్‌కి, రెండోదాన్ని ఇంజిన్ బ్లాక్‌కి పెట్టండి. అర వోల్టు దాటితే ఎర్త్ సరిగ్గా లేదు. యాక్సిలరేటర్ కేబులో, క్లచ్ కేబులో వేడెక్కుతోందంటే కరెంటు దాని గుండా పోతోందన్నమాట. ఇది చూసుకోకుండా ఈసీఎం (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) మీద అనుమానపడకండి.

సెల్ఫ్ చక్కగా తిరుగుతోంది, కానీ స్టార్ట్ అవ్వట్లేదు, లేదా స్టార్ట్ అయినా మిస్సింగ్

అందరినీ తిప్పలు పెట్టేది ఇదే. పెట్రోల్ వస్తోంది, టైమింగ్ బెల్టు మార్కులు సరిగ్గా ఉన్నాయి, కంప్రెషన్ ఉంది. అయినా బండి అందుకోదు. పంపు మారుస్తారు, కాయిల్ మారుస్తారు, చివరికి ఈసీఎం కూడా. ఏదీ కారణం కాదు.

అసలు తేడా ఇంజిన్ కొన్నప్పుడే వచ్చింది. "796 సీసీయే కదా, అన్నీ ఒకటే" అని షాపులో అంటారు. కాదు. మారుతీ 796 సీసీలోనే కార్బురేటర్‌ది ఉంది, ఆరు వాల్వుల ఎంపీఎఫ్‌ఐ ఉంది, పన్నెండు వాల్వుల ఎంపీఎఫ్‌ఐ ఉంది. దానికి తోడు 2005 ఏప్రిల్‌లో హైదరాబాద్‌తో సహా కొన్ని పెద్ద నగరాలకి భారత్ స్టేజ్ 3 పొగ నిబంధన వచ్చింది, దేశమంతటికీ 2010లో గానీ రాలేదు. కాబట్టి ఒకే మోడల్, ఒకే ఏడాది బళ్లలో కూడా సెన్సర్లు వేరే ఉండొచ్చు. బయటికి బ్లాక్ ఒకేలా కనిపిస్తుంది, మౌంటింగులూ సరిపోతాయి.

క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) సెన్సర్ ఎదురుగా తిరిగే పళ్ల చక్రాన్ని చూడండి. బండిని బట్టి అది పుల్లీ దగ్గరో, ఫ్లైవీల్ మీదో ఉంటుంది. కొన్ని చక్రాల్లో 60 పళ్లకి రెండు తీసేసి ఉంటాయి, కొన్నింట్లో 36కి ఒకటి. ఆ ఖాళీ ఎప్పుడు ఎదురొచ్చిందో చూసుకునే పిస్టన్ ఎక్కడుందో ఈసీఎం లెక్క కడుతుంది. పళ్ల లెక్క మారితే స్పార్క్ రాదు, వచ్చినా వేళకి రాదు. క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) సెన్సర్‌దీ ఇదే సంగతి.

స్కానర్ (ఈసీఎంలోని సమాచారం చదివే పరికరం) పెట్టి, సెల్ఫ్ కొడుతూ లైవ్ డేటాలో ఆర్‌పీఎం చూడండి. రెండు, మూడు వందల దగ్గర నిలకడగా కనిపించాలి. సున్నా ఉంటే, లేదా పిచ్చిగా ఎగిరిపడుతుంటే ఈసీఎంకి సిగ్నల్ సరిగ్గా అందట్లేదు. ముందు సెన్సర్ కనెక్టర్, గ్యాప్ చూసి, అవి బాగుంటే చక్రాన్ని అనుమానించండి.

పరిష్కారం: మీ పాత ఇంజిన్‌లోని పళ్ల చక్రం, సెన్సర్లు, డిస్ట్రిబ్యూటర్ ఉంటే అదీ, థ్రాటిల్ బాడీ, ఇంజెక్టర్లు, వైరింగ్ కొత్తదానికి మార్చండి. తెచ్చిన ఇంజిన్ నుంచి ఇనుము మాత్రమే వాడుకోవాలి, కరెంటు సామానంతా మీ బండిదే ఉండాలి. చక్రం కూర్చోకపోతే ఆ ఇంజిన్ మీది కాదు, తిరిగి ఇచ్చేయండి. అందుకే కొనేటప్పుడే పాత చక్రం ఫోటో ఫోన్లో పెట్టుకుని వెళ్లి, పళ్లు లెక్కపెట్టి, ఇంజిన్ నంబరు ముందు అక్షరాలు ఆర్‌సీతో పోల్చి చూసుకోండి. పాత ఇంజిన్‌ని స్క్రాప్‌కి వేయడానికి తొందరపడొద్దు.

దాత బండి (తెచ్చిన ఇంజిన్ ముందున్న బండి) ఈసీఎం కూడా తెచ్చి వేద్దామనుకుంటే, ఇమ్మొబిలైజర్ (సరైన తాళం చెవి లేకపోతే స్టార్ట్ కానివ్వనిది) ఉన్న మోడళ్లలో మీ తాళం చెవి దానికి పనికిరాదు.

నల్ల పొగ, పెట్రోల్ వాసన

నీళ్ల టెంపరేచర్ సెన్సర్ చూడండి. చాలా బళ్లలో మీటర్‌కి ఒకటి, ఈసీఎంకి ఒకటి ఉంటాయి. ఈసీఎంది సాధారణంగా రెండు వైర్లది. చల్లగా ఉన్నప్పుడు రెండు వేల ఓమ్‌ల పైన, 80 డిగ్రీల దగ్గర మూడు వందల చుట్టుపక్కల చూపాలి. వేడెక్కినా తగ్గకపోతే మార్చండి.

కొత్త ఇంజిన్ కూడా వేడెక్కుతోంది

పాతదాన్ని చంపిన రేడియేటరే ఇంకా ఉంది కాబట్టి. రేడియేటర్ క్లీన్ చేయించి, క్యాప్, థర్మోస్టాట్, ఫ్యాన్ స్విచ్ చూడండి. వాటర్ పంపు, టైమింగ్ బెల్టు, క్రాంక్ సీలు ఇంజిన్ కింద ఉన్నప్పుడే కొత్తవి వేయాలి, పైకెక్కాక కూలి రెట్టింపవుతుంది.

ఈసీఎం నిజంగా పోవడం, క్రాంక్ పుల్లీ కీ విరగడం వంటివి అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.

డబ్బు ఇచ్చే ముందు షాపులో ఇంజిన్ నంబరున్న బిల్లు, దాత బండి కాగితాల కాపీ తీసుకోండి. నంబరు గీకేసి ఉంటే ఎంత చవకైనా వద్దు. ఎక్కించాక మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం 14 రోజుల్లో ఆర్‌టీఏ ఆఫీసులో తెలిపి కొత్త నంబరు ఆర్‌సీలో రాయించుకోవాలి. ఇన్సూరెన్స్ వాళ్లకీ చెప్పండి, క్లెయిమ్ పెట్టినప్పుడు ముందు పోల్చేది ఆ నంబరే.