వికీపీడియాలో తోటి ఎడిటర్‌తో గొడవ ముదిరితే ఎలా పరిష్కరించుకోవాలి?

వికీపీడియాలో రాసేవాళ్ళకి జీతాలుండవు, పైన మేనేజర్ అంటూ ఎవరూ ఉండరు. అందుకే ఇద్దరి మధ్య మాటామాటా పెరిగితే ఎవరికి చెప్పుకోవాలో చాలామందికి తెలీదు, కొన్నాళ్ళు రాత్రిళ్ళు కూర్చుని ఒకరు రాసింది ఇంకొకరు చెరిపేసుకుంటూ ఉంటారు, చివరికి ఎవరో ఒకరు విసుగొచ్చి రాయడమే మానేస్తారు. అలా మానేసినవాళ్ళలో మంచి మంచి వ్యాసాలు రాసినవాళ్ళు కూడా ఉంటారు, అదే నా బాధ. నిజానికి ఇరవై ఏళ్ళకి పైగా గొడవలు పడీ పడీ వికీపీడియన్లు దీనికో దారి వేసుకున్నారు. ఆ దారిలో ఏ మెట్టు చూసినా ఉద్దేశం ఒకటే, మీరెవరో అవతలివాళ్ళెవరో తెలీని మూడో మనిషి వచ్చి చదివితే విషయం అర్థమవ్వాలి, తేల్చగలగాలి. ఇది గుర్తుపెట్టుకుంటే ఆ రూల్స్ అన్నీ ఎందుకున్నాయో ఈజీగా తెలుస్తుంది.

కింద చెప్పేవి ఎక్కువగా ఇంగ్లీష్ వికీపీడియా పద్ధతులు, తెలుగు వికీ సంగతి చివర్లో విడిగా చెప్తాను.

మొదలుపెట్టే ముందు: గొడవ రాత మీదా, మనిషి మీదా?

ఇది తేల్చుకోకుండా ఎక్కడికెళ్ళినా వెనక్కి పంపేస్తారు. వ్యాసంలో ఏం ఉండాలి అనేది ఒక రకం గొడవ, అవతలి మనిషి బూతులు తిడుతున్నాడు, వెంటపడి నేను ఏది రాసినా తీసేస్తున్నాడు అనేది ఇంకో రకం. మొదటి రకాన్ని తేల్చే చోట రెండోదాని గురించి వినరు, రెండోదాన్ని తేల్చే చోట మొదటిదాని జోలికి వెళ్ళరు. వికీపీడియాలో అన్నిటికన్నా పైనుండే ఆర్బిట్రేషన్ కమిటీ కూడా వ్యాసంలో ఏది కరెక్టో చెప్పదు, మనుషుల ప్రవర్తన మీద మాత్రమే తీర్పిస్తుంది. రెండూ కలిసిపోయి ఉంటే ముందు రాత సంగతి చూడండి, చాలాసార్లు అది తేలిపోతే మనుషుల కోపం కూడా తగ్గిపోతుంది.

స్టెప్ 1: రివర్ట్ చేయడం ఆపండి

ఒక పేజీలో 24 గంటల్లో మూడు కంటే ఎక్కువసార్లు వేరేవాళ్ళ మార్పుల్ని రివర్ట్ చేయకూడదు, అంటే చెరిపేసి పాత రూపానికి తేకూడదు, అని రూల్ ఉంది. చాలామంది దీన్ని రోజుకి మూడుసార్లు చేసుకోవచ్చు అని పర్మిషన్ లాగా చదువుతారు, అలా కుదరదు, రెండుసార్లు చేసినా అది ఎడిట్ వార్ అని నిర్వాహకులకి (కమ్యూనిటీ అదనపు అధికారాలిచ్చిన ఎడిటర్లకి) అనిపిస్తే మిమ్మల్ని ఇక రాయనివ్వకుండా బ్లాక్ చేయొచ్చు. ఇంకోటి, నాలుగుసార్లూ ఒకే వాక్యాన్ని మార్చి ఉండక్కర్లేదు, అదే పేజీలో వేర్వేరు చోట్ల చేసినవి కూడా లెక్కలోకి వస్తాయి. నేను రాసిందే కరెక్ట్ కదా అంటే కూడా పనికిరాదు. పేజీని పాడుచేయడానికే వచ్చినవాళ్ళ చెత్తని తీసేయడం, బతికున్న మనుషుల గురించి ఆధారం లేకుండా రాసిన నిందల్ని తీసేయడం లాంటి కొన్నిటికి మాత్రమే మినహాయింపు.

కష్టమైన విషయమేంటంటే, తప్పు వెర్షన్ రెండు మూడు రోజులు అలా కళ్ళముందు ఉండిపోతుంది, దాన్ని ఓర్చుకోవాలి. ఉండనివ్వండి. పాత వెర్షన్లన్నీ పేజీ చరిత్రలో భద్రంగానే ఉంటాయి, ఒక్క అక్షరం కూడా పోదు.

స్టెప్ 2: వ్యాసం చర్చ పేజీలోనే మాట్లాడండి

అవతలి వాడుకరి సొంత చర్చ పేజీలో కాకుండా ఆ వ్యాసానికి జతగా ఉండే చర్చ పేజీలో రాయండి, ఎందుకంటే రేపు మూడో మనిషి వచ్చి వెతికేది అక్కడే. ఉదాహరణకి నాగార్జునసాగర్ వ్యాసం అనుకుందాం. డ్యామ్‌కి ఒక పక్క తెలంగాణలోని నల్గొండ జిల్లా, ఇంకో పక్క ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు జిల్లా. 2014లో రాష్ట్రం విడిపోయాక ఒకరొచ్చి ఇది తెలంగాణ ప్రాజెక్ట్ అని, ఇంకొకరు ఆంధ్రా ప్రాజెక్ట్ అని మొదటి వాక్యం మారుస్తూ కూర్చున్నారనుకోండి. అప్పుడు మీరు రాయాల్సింది మూడే ముక్కలు, ఏ వాక్యం మీద అభ్యంతరం, దాని బదులు ఏం రాయాలంటున్నారు, దానికి ఏ పుస్తకం లేదా ఏ ప్రభుత్వ డాక్యుమెంట్ ఆధారం. చివర్లో నాలుగు టిల్డాలు (~~~~) పెట్టి సంతకం చేయండి. మీ ప్రాంతం వాళ్ళంతా ఇంతే లాంటి మాట ఒక్కటి పడిందంటే చాలు, ఆ తర్వాత మీరు ఎన్ని ఆధారాలు చూపించినా చదివేవాళ్ళకి ఆ మాటే కనిపిస్తుంది.

మన తెలుగువాళ్ళలో వికీ రాసేవాళ్ళు ఒకరికొకరు తెలిసినవాళ్ళే ఎక్కువ, మీటింగుల్లో కలుస్తారు, ఫోన్ నంబర్లుంటాయి. ఫోన్ చేసి ఏమండీ ఏమైంది అని అడగడం చాలా మంచి పని, టైపింగ్‌లో కరుకుగా కనిపించిన మాట గొంతు వింటే వేరేగా ఉంటుంది. కానీ ఫోన్లో తేల్చుకున్నది మళ్ళీ చర్చ పేజీలో రాసి, ఇలా అనుకున్నాం అని ఇద్దరూ ఒప్పుకోవాలి. వాట్సాప్‌లో తేలిపోయిందిలే అని వదిలేస్తే ఆర్నెల్ల తర్వాత కొత్తగా వచ్చినవాళ్ళకి ఏమీ అర్థం కాదు, గొడవ మళ్ళీ మొదట్నుంచి మొదలవుతుంది.

స్టెప్ 3: మూడో మనిషిని పిలవండి

చర్చ పేజీలో నిజంగా మాట్లాడుకున్నాక కూడా తేలకపోతేనే ఇది. ఇందులో మూడు దార్లున్నాయి.

గొడవ సరిగ్గా ఇద్దరి మధ్యే అయితే థర్డ్ ఒపీనియన్ అని ఒక పేజీ ఉంది, అక్కడ ఒక్క లైన్లో విషయం రాస్తే సంబంధం లేని ఎడిటర్ ఎవరైనా వచ్చి తన అభిప్రాయం చెప్తారు. వాళ్ళు చెప్పింది వినితీరాలని ఏమీ లేదు, అయినా చిన్న చిన్న తగాదాలు చాలావరకు ఇక్కడే చల్లబడతాయి. ముగ్గురూ నలుగురూ ఉంటే డిస్ప్యూట్ రిజల్యూషన్ నోటీస్‌బోర్డ్ ఉంది, అక్కడ ఒక వాలంటీర్ మధ్యలో కూర్చుని ఒక్కొక్కరినీ తమ మాట చెప్పమంటారు. ఆ వాలంటీర్‌కి కూడా తీర్పిచ్చే అధికారం ఉండదు, మాట్లాడించడమే ఆయన పని.

ఈ రెండిటితో కాకపోతే రిక్వెస్ట్ ఫర్ కామెంట్. కమ్యూనిటీ మొత్తాన్ని పిలిచి అభిప్రాయం అడగడం ఇది, మామూలుగా 30 రోజులు నడుస్తుంది. దీంట్లో సగం ఫలితం మీరు ప్రశ్న ఎలా అడిగారు అన్నదాని మీదే ఉంటుంది. ఇన్ని ఆధారాలున్నా మా రాష్ట్రం పేరు ఎందుకు తీసేస్తున్నారు అని అడిగితే అది ప్రశ్న కాదు, ఫిర్యాదు. డ్యామ్ ఎక్కడుందో మొదటి వాక్యంలో ఎలా రాయాలి, రెండు రాష్ట్రాల సరిహద్దులో అనా, రెండు జిల్లాల పేర్లూ చెప్పా, అని అడగండి. ప్రశ్న చదివితే మీరు ఏ పక్షమో తెలియకూడదు. మీ వాదన దాని కింద విడిగా, మీ సంతకంతో రాసుకోవచ్చు.

గడువయ్యాక సంబంధం లేని వ్యక్తి ఒకరు మొత్తం చదివి ముగింపు రాస్తారు. ఇక్కడ చేతులు లెక్కపెట్టడం ఉండదు, ఎవరి వాదనకి పాలసీ బలం, ఆధారాల బలం ఉందో చూస్తారు. అందుకే ఫ్యాన్స్ గ్రూపులోనో కులం గ్రూపులోనో మెసేజ్ పెట్టి యాభై మందిని దింపితే లాభం లేకపోగా మీకే చెడ్డపేరు, ఒక్కోసారి బ్లాక్ కూడా పడుతుంది, ఇక రెండో అకౌంట్ తెరిచి మీకు మీరే సపోర్ట్ చేసుకుంటే బ్లాక్ దాదాపు ఖాయం. దయచేసి ఆ పని అస్సలు చేయకండి. దక్షిణాసియా కులాల వ్యాసాల్లో ఇలాంటివి ఎక్కువైపోయే 2012లో ఇంగ్లీష్ వికీ వాటి మీద ప్రత్యేక ఆంక్షలు పెట్టింది, ఇప్పటికీ అక్కడ నిర్వాహకులు మిగతా చోట్ల కన్నా త్వరగా చర్య తీసుకుంటారు.

ఒక్కోసారి ఇదంతా ఏళ్ళు పడుతుంది. పెరుగు గురించిన ఇంగ్లీష్ వ్యాసం పేరులో హెచ్ అక్షరం ఉండాలా వద్దా (yoghurt, yogurt) అనే గొడవ దాదాపు ఎనిమిదేళ్ళు సాగి 2011లో తేలింది, చివరికి హెచ్ తీసేశారు. బ్రిటిష్ ఇంగ్లీషా అమెరికన్ ఇంగ్లీషా అన్నది అక్కడి జనానికి అంత ముఖ్యం, బయటివాళ్ళకి చిన్నదిగా కనిపించినంత మాత్రాన గొడవ చిన్నదైపోదు.

స్టెప్ 4: మనిషి ప్రవర్తనే సమస్య అయితే నిర్వాహకులకి చెప్పండి

ముందు ఆ మనిషికే చెప్పండి, ఫలానా మాట బాలేదు, ఆపండి అని. ఆపకపోతే నిర్వాహకుల నోటీస్‌బోర్డుకి వెళ్ళండి. అక్కడ కథ మొత్తం చెప్పక్కర్లేదు, ఆయన ఏ తేదీన ఏం మార్చాడో ఏమన్నాడో చూపించే తేడా లింకులు నాలుగైదు ఇచ్చి ఒక్కోదానికి ఒక్క వాక్యం రాస్తే చాలు. పది పేరాలు రాస్తే ఎవరూ చదవరు. ఫిర్యాదు చేసిన సంగతి అవతలి వ్యక్తి చర్చ పేజీలో తప్పనిసరిగా తెలియజేయాలి, చాటుగా ఫిర్యాదు చేయడం ఉండదు. ఇంకో ముఖ్యమైన విషయం, అక్కడికి వెళ్ళాక మీ ప్రవర్తన కూడా చూస్తారు, మీరూ తిట్టి ఉంటే ముందు ఆ సంగతి మీరే చెప్పేయడం మేలు.

సంబంధం ఉన్న నిర్వాహకుడు ఆ గొడవలో బ్లాక్ బటన్ వాడకూడదు, బయటి నిర్వాహకుడే చూడాలి. శిక్షలు కూడా ఒకేసారి గెంటేసేలా ఉండవు. హెచ్చరిక, ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడకూడదు అనే నిషేధం, ఒక టాపిక్ జోలికి వెళ్ళకూడదు అనే నిషేధం, కొన్ని పేజీల వరకే బ్లాక్, తర్వాత పూర్తి బ్లాక్, ఇలా ఉంటాయి. సినిమా వ్యాసాల్లో గొడవపడే మనిషి గుళ్ళ గురించి చక్కగా రాస్తుండొచ్చు, అతన్ని సినిమాల నుంచి పక్కన పెడితే అందరికీ మంచిదే కదా.

ఒక మినహాయింపు చాలా సీరియస్‌గా తీసుకోండి. ఎవరైనా మిమ్మల్ని చంపుతామని బెదిరించినా, మీ ఇంటి అడ్రసో ఆఫీసు పేరో బయటపెట్టినా, లైంగికంగా వేధించినా, నోటీస్‌బోర్డులో రాయకండి, రాస్తే ఇంకా పదిమంది చూస్తారు. వికీపీడియాని నడిపే సంస్థ వికీమీడియా ఫౌండేషన్‌లో ఉండే ట్రస్ట్ అండ్ సేఫ్టీ టీమ్‌కి ఈమెయిల్ పెట్టండి, ప్రాణభయం ఉంటే పోలీసుల దగ్గరికి కూడా వెళ్ళండి. ఇక్కడ మెట్ల వరుస పాటించాల్సిన అవసరమే లేదు.

స్టెప్ 5: చివరి గుమ్మం, ఆర్బిట్రేషన్ కమిటీ

మొదట్లో ఎవరినైనా నిషేధించాలంటే వికీపీడియా స్థాపకుల్లో ఒకరైన జిమ్మీ వేల్స్ స్వయంగా నిర్ణయించేవారు. జనం పెరిగాక అది కుదరక 2003 డిసెంబర్లో ఆ కమిటీని ప్రకటించారు. ఇప్పుడు మామూలుగా 15 మంది ఉంటారు, ఎడిటర్లే రహస్య ఓటింగ్‌లో ఎన్నుకుంటారు. ముందు కేసు తీసుకోవాలా వద్దా అని ఓటు వేస్తారు, మిగతా మెట్లు ఎక్కకుండా నేరుగా వస్తే తీసుకోరు. తీసుకుంటే సాక్ష్యాలు, చర్చ, తీర్పు ముసాయిదా, దాని మీద ఓటు, ఇలా వారాలు, నెలలు పడుతుంది. 2009లో సైంటాలజీ అనే మతం వ్యాసాల కేసులో ఆ చర్చ్ నెట్‌వర్క్ అడ్రసుల నుంచి ఎవరూ ఎడిట్ చేయకుండా నిషేధించింది ఈ కమిటీయే.

పై నుంచి వచ్చే తీర్పు కూడా కారణాలు కనిపించకపోతే నిలబడదు. 2019లో ఫౌండేషన్ నేరుగా ఒక ఇంగ్లీష్ వికీ నిర్వాహకుణ్ణి ఏడాది పాటు నిషేధించి సాక్ష్యం బయటపెట్టకపోయేసరికి, దాదాపు ఇరవై మంది నిర్వాహకులు రాజీనామా చేశారు. చివరికి కేసు ఆర్బిట్రేషన్ కమిటీకి వెళ్తే వాళ్ళు నిషేధం తీసేశారు, కానీ అతని నిర్వాహక హోదా మాత్రం వెనక్కి ఇవ్వలేదు.

తెలుగు వికీ లాంటి చిన్న చోట్ల

మనకి ఆర్బిట్రేషన్ కమిటీ లేదు. వ్యాసం చర్చ పేజీ, అది దాటితే రచ్చబండ (అందరూ కలిసి మాట్లాడుకునే పేజీ), నిర్వాహకులు, అంతే. పని చేసేవాళ్ళు కొద్దిమందే కాబట్టి సంబంధం లేని మూడో మనిషి దొరకడమే కష్టం. అందుకని రచ్చబండలో పెట్టి రెండ్రోజుల్లో తేల్చేయకండి, రెండు మూడు వారాలైనా ఆగండి, వారానికోసారి వచ్చేవాళ్ళు కూడా చూస్తారు. నిర్వాహకులే ఒక పక్షమైపోతే ఏమవుతుందో క్రొయేషియన్ వికీలో చూశాం, కొద్దిమంది నిర్వాహకుల గుంపు ఏళ్ళ తరబడి చరిత్ర వ్యాసాల్ని తమకి నచ్చినట్టు తిప్పి రాస్తూ అడిగినవాళ్ళని బ్లాక్ చేశారు, 2021లో ఫౌండేషన్ దాని మీద రిపోర్టే వేయించింది. అలాంటి పరిస్థితి వస్తే అన్ని వికీలకీ ఉమ్మడిగా ఉండే మెటా వికీలో గ్లోబల్ కమ్యూనిటీకి చెప్పుకోవచ్చు, యూనివర్సల్ కోడ్ ఆఫ్ కండక్ట్ (అన్ని వికీలకీ వర్తించే ప్రవర్తన నియమాలు) అమలు కోసం 2024లో మొదటిసారి ఎన్నికైన కమిటీ ఒకటి ఉంది, అక్కడికీ వెళ్ళొచ్చు.

తీర్పు మీకు వ్యతిరేకంగా వస్తే

కొత్త అకౌంట్‌తో దొంగచాటుగా రాకండి. ఇంగ్లీష్ వికీలో ఒక ఆనవాయితీ ఉంది, ఆరు నెలలు పూర్తిగా దూరంగా ఉండి, మళ్ళీ అలా చేయనని మాటిస్తే నిషేధం ఎత్తేయడం గురించి ఆలోచిస్తారు. ఆ ఆర్నెల్లూ వేరే భాష వికీలోనో, పుస్తకాలు చేర్చే వికీసోర్స్‌లోనో ప్రశాంతంగా పనిచేస్తే దాన్ని చూపించుకోవచ్చు. అప్పీల్ రాసేటప్పుడు అవతలివాళ్ళ తప్పులు ఎత్తకండి, దేనికి నిషేధం పడింది, ఇకపై ఏం మారుతుంది, తిరిగి వచ్చి ఏ వ్యాసాల మీద పనిచేస్తారు అన్న మూడూ రాయండి, పది లైన్లు దాటనివ్వకండి.